లతీఫున్నీసా ఒంటి మీద పడ్డ నింద

ఆదిలాబాద్‌లో మా గల్లీ చివరి ఇల్లు లతీఫున్నీసాది. ఊళ్ళోని ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. భర్త జలాలుద్దీన్ జిన్నింగ్ మిల్లులో పనిచేస్తూ పత్తి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడి, నడివయసు రాకముందే పోయాడు. ఒక్కగానొక్క కూతురు మక్సూదాను వెంటబెట్టుకుని ఆమె ఆ వంటపనిలో చేరింది. అది డెబ్భైల చివరి మాట. అప్పట్లో లతీఫున్నీసా సన్నగా, పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేది. బియ్యం బస్తాను ఒక్కతే ఈడ్చుకొచ్చి గోడకు ఆనించేది. ఉడుకుతున్న అన్నం గంజును ఇంకొకరి సాయం లేకుండా పొయ్యి మీంచి దించి గంజి వార్చేది. హాస్టల్ పిల్లలు ఆమెను లతీఫమ్మ అని పిలిచేవాళ్ళు.

ఆమెకొక పట్టింపు ఉండేది. పిల్లలందరూ తిని, కంచాలు కడుక్కుని పోయాక గానీ ఆమె ముద్ద ముట్టేది కాదు. గంజు అడుగున ఏమైనా మిగిలితే తినేది. మిగలకపోతే ఇంటికొచ్చి జొన్నరొట్టె చేసుకుని పచ్చిమిరపకాయ నూరుకుని తినేది. ఈ నియమం ఎవరూ పెట్టింది కాదు. "పిల్లలు ఆకలితోని కూసుంటే నా నోట్లెకు ముద్దెట్ల దిగుతది?" అనేది.

ఇలాంటి మనిషిని తిండిదొంగ అన్నారు. అది కూడా ఆమె ఏదో తింటుంటే పట్టుకుని అనలేదు. ఆమె లావు చూసి అన్నారు. ఆ లావు ఎట్లా వచ్చిందో చెప్తాను.

తొంభయ్యో సంవత్సరం వానాకాలంలో ఒకరోజు పొయ్యి ముందు నిలబడి పప్పు కలుపుతూ ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పటికి చాలా నెలలుగా తలనొప్పి ఉంది. పొయ్యి వేడికి వచ్చిందనుకుని తలకు గుడ్డ కట్టుకుని పనిచేసేది. పడిపోయాక మక్సూదా బలవంతంగా దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరు ఆమె దండకు పట్టీ చుట్టి, గాలికొట్టి చూసి, బీపీ చాలా ఎక్కువగా ఉందన్నాడు. గోలీలు రాసిచ్చాడు. "రోజూ ఏసుకోవాలె. బతికినన్ని దినాలు ఏసుకోవాలె. ఉప్పు తగ్గించు" అన్నాడు. అంతే. ఆ గోలీ ఒంట్లోకి పోయి ఏం చేస్తుందో, ఏమైనా తేడా వస్తే ఎవరిని అడగాలో ఆయన చెప్పలేదు. ఆమెకు అడగాలని కూడా తెలియదు.

నమాజు వేళ తప్పనట్టే ఆమె గోలీ వేళ కూడా తప్పలేదు. మంచి చెప్పాలంటే అదీ చెప్పాలి: తలనొప్పి పోయింది. కళ్ళు తిరగడం ఆగిపోయింది. "అల్లా దయ" అనుకుంది. కానీ ఆ చలికాలం దాటేసరికి ఒంట్లో ఇంకేదో మొదలైంది. చేతిగాజులు సబ్బు రాసినా ఊడిరావడం లేదు. సాయంత్రమయ్యేసరికి చెప్పు పట్టీలు పాదాల్లోకి దిగి గాడి పడుతున్నాయి. మక్సూదా ఇంట్లో మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేది. తల్లి రవికలను మొదట ఒక కుట్టు విప్పింది, తర్వాత రెండోది విప్పింది, ఆఖరికి పక్కలకు కొత్త గుడ్డ వేసి కుట్టింది. ముఖం గుండ్రంగా ఉబ్బిపోయింది. అంతకుముందు ఎన్నడూ లేనిది, పట్టపగలు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నచోటే కునికిపాట్లు పడేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

ఆమె మళ్ళీ దవాఖానకు పోయింది. చాలాసేపు లైన్లో నిలబడ్డాక ఆ డాక్టరు ముందుకు వచ్చింది.

"సార్, గీ గోలీలు ఏసుకునుడు షురూ చేసినంక ఒళ్ళంత ఉబ్బుతున్నది. కాళ్ళు గూడ."

డాక్టరు తల ఎత్తకుండానే అడిగాడు. "ఏం పని చేస్తవ్?"

"హాస్టల్ల వంట చేస్త సార్."

అప్పుడు తలెత్తి ఆమెను చూశాడు. చూసి నవ్వాడు. "ఇగ నన్ను అడుగుడేంది? పొద్దంత వంటింట్ల ఉండి నోరు కట్టుకుంటరా ఎవరన్నా? అన్నం తగ్గించు."

వెనక లైన్లో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆమె తలదించుకుని వచ్చేసింది.

వచ్చి ఏం చేసింది? అన్నం మానేసింది. రెండుపూటలకూ కలిపి ఒక్క రొట్టె. చక్కెర లేని చాయ్. హాస్టల్లో గంజు అడుగున మిగిలింది కూడా ఇంకొకరికి పెట్టి ఖాళీ కడుపుతో ఇంటికి వచ్చేది. నీరసంతో నడవలేకపోయేది కానీ లావు మాత్రం తగ్గలేదు. ఇంకోసారి పోయి డాక్టరుకు అదే చెప్పింది. ఆయన విసుక్కున్నాడు. "అందరు తింటలేము తింటలేమనే అంటరు. గాలి పీల్చి లావైతరా? పో, గవే గోలీలు ఏసుకో."

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయన కుర్చీలోంచి వంగి ఆమె కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కి ఉంటే చాలు. తర్వాత జరిగిందంతా జరిగేది కాదు. ఆయనకు అంత తీరిక లేదట. నవ్వడానికి మాత్రం తీరిక దొరికింది.

ఇక హాస్టల్ సంగతి. అంతకు రెండేళ్ళ ముందు మనోరమ అనే ఆమె వార్డెన్‌గా వచ్చింది. భూములూ జాగలూ ఉన్న ఇంటి మనిషి, మాట మెత్తన. ఆమె వచ్చినప్పటి నుంచి పిల్లల పప్పు పలచబడుతూ వచ్చింది. మజ్జిగ బంద్ అయింది. కూరలో నూనె వాసన కూడా తగిలేది కాదు. ముందు వాకిలి నుంచి వచ్చిన నూనె డబ్బాలూ కందిపప్పు బస్తాలూ వెనక వాకిలి నుంచి రిక్షాలో మనోరమ తమ్ముడి దుకాణానికి పోయేవి. ఇది వంటింట్లో ఉన్న లతీఫున్నీసాకు తెలుసు, పిల్లల్లో పెద్దవాళ్ళకూ తెలుసు.

ఆమె ఒకసారి అడిగింది కూడా. "అమ్మా, గీ పప్పుతోని గింతమందికి ఎట్ల సరిపోతది?"

"ఇచ్చినకాడికి వండు. మిగతాది నీకెందుకు?" అంది మనోరమ.

తొంభై రెండులో రంజాన్ మార్చి నెలలో పడింది. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. లతీఫున్నీసా రోజా ఉంటూనే పొద్దున్నే వచ్చి పొయ్యి ముందు నిలబడేది. మంచినీళ్ళు కూడా ముట్టకుండా అంతమంది పిల్లలకు వండి వడ్డించేది. ఆ రోజుల్లోనే లింగమూర్తి అనే రైతు తన బిడ్డ బాలలక్ష్మిని చూసిపోదామని హాస్టల్‌కు వచ్చాడు. బాలలక్ష్మి తొమ్మిదో తరగతి. బిడ్డ కంచంలో పప్పు పేరుతో ఉన్న పసుపునీళ్ళు చూసి ఆయన కడుపు మండింది. తిన్నగా హాస్టళ్ళ ఆఫీసుకు పోయి గొడవ చేశాడు. దాంతో విద్యాసాగర్‌రావు అనే ఆఫీసరు తనిఖీకి వచ్చాడు.

భోజనాల వేళకే వచ్చాడు. పిల్లలు వరుసగా కంచాలు పట్టుకుని కూర్చున్నారు. ఆయన ఒక కంచంలోకి తొంగి చూసి, "ఇదేం పప్పు? ఇచ్చిన సరుకంత ఏమైతున్నది?" అని అడిగాడు.

మనోరమ ఒక్క క్షణం కూడా తడబడలేదు. వంటింటి గుమ్మంలో గంటె పట్టుకుని నిలబడ్డ లతీఫున్నీసా వైపు చెయ్యి చూపించింది.

"నేనేం చెప్పాలె సార్? మీరే చూడుండ్రి. పిల్లలు ఎట్లున్నరు, వండేటామె ఎట్లున్నది."

ఆఫీసరు లతీఫున్నీసాను కింది నుంచి పైదాకా చూశాడు. అంత నిదానంగా, అంతమంది ఆడపిల్లల ముందు, ఒక ఆడమనిషి ఒంటిని సరుకు తూచినట్టు చూశాడు.

"ఇంకేం విచారణ కావాలె? నీ ఒళ్ళే చెప్తున్నది గదా."

"సార్, నేను రోజా ఉన్న. పొద్దటి సంది గుటికెడు నీళ్ళు గూడ మింగలే."

"పగలు రోజా, మాపటికి మేజువానీనా?"

"గిది తిండితోని వచ్చింది కాదు సార్. బీపీ గోలీలు ఏసుకుంటున్న. అవి షురూ చేసినంకనే గిట్లయింది. మా బిడ్డను అడగుండ్రి."

విద్యాసాగర్‌రావు పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి నవ్వాడు. "గోలీలతోని లావైతరటనయ్యా! అయితే గా గోలీలు మన పిల్లలకు గూడ పెట్టమను. జర బలుస్తరు."

గుమాస్తా నవ్వాడు. మనోరమ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పిల్లల్లో ఎవరూ నవ్వలేదు. బాలలక్ష్మి లేవబోయి, వార్డెన్ చూపు తగిలి మళ్ళీ కూర్చుంది. విచారణ తేలేదాకా లతీఫున్నీసా హాస్టల్ గేటు తొక్కవద్దని ఆఫీసరు అక్కడికక్కడే చెప్పి జీపెక్కాడు.

ఆమె గంటెను కడిగి, దాని చోట దాన్ని పెట్టి, బజారు మీదుగా నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఏడవలేదు. ఆ సాయంత్రం మసీదులో ఇఫ్తార్ పిలుపు వినబడ్డాక మక్సూదా ఖర్జూరపండు తెచ్చి నోటి దగ్గర పెట్టింది. చాలాసేపు బతిమాలితే గానీ ఆమె నోరు తెరవలేదు.

"నా ఒళ్ళు చూసి దొంగ అన్నడు" అంది. "తింటుంటే చూసిండా? దాచుకుంటుంటే చూసిండా? ఒళ్ళు చూసి అన్నడు!"

మరునాటి నుంచి గల్లీ ఆడవాళ్ళు పరామర్శకు వచ్చారు. అయ్యో అన్నారు, పాపం అన్నారు. అంటూనే వాళ్ళ కళ్ళు ఆమె నడుము మీదికీ దండల మీదికీ పోయేవి. అది ఆమె గమనించేది. రెండు రోజుల తర్వాత తలుపు వేసుకుని ఎవరినీ రానివ్వలేదు. గోలీల పొట్లం తీసుకుపోయి మురుగు పారే మోరీలో పారేసింది.

"అమ్మీ, రోజూ ఏసుకోవాలని డాక్టర్ చెప్పిండు గదా!" అని మక్సూదా చేయి పట్టుకుంది.

"ఏ డాక్టరు? నన్ను చూసి నవ్వినాయననా? గీ గోలీలే నా ఇజ్జత్ తీసినయ్. సచ్చినా ముట్ట."

అన్నంత పనీ అయ్యేదే. కొద్దిరోజుల్లోనే తలనొప్పి ముందుకన్నా రెట్టింపై తిరిగి వచ్చింది. ఆమె పళ్ళు బిగించి పడుకుంది. పండుగ అయిన మర్నాడు పొద్దున ముఖం కడుక్కుంటుంటే ముక్కులోంచి రక్తం ధారకట్టింది. గుడ్డలు తడుస్తున్నాయి గానీ ఆగడం లేదు. మక్సూదా అరుపులు విని మేమంతా పరుగెత్తాం. లతీఫున్నీసా తమ్ముడు జబ్బార్ టెంపో నడిపేవాడు. అక్కను అందులో పడుకోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు.

ఆ రోజు డ్యూటీలో ఉన్నది పాత డాక్టరు కాదు. కరీంనగర్ నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒక లేడీ డాక్టరు. బీపీ చూసి ఆమె ముఖం మారిపోయింది. సూదులు వేసి, రక్తం ఆగేదాకా పక్కనే ఉంది. కాస్త కుదుటపడ్డాక మంచం అంచున కూర్చుని అడగడం మొదలుపెట్టింది. గోలీలు ఎప్పటి నుంచి వేసుకుంటున్నది, లావు ఎప్పటి నుంచి మొదలైంది, కాళ్ళు పొద్దున ఎక్కువ ఉబ్బుతాయా సాయంత్రమా, నిద్ర ఎట్లా వస్తున్నది. అన్నీ విని, చీరె కుచ్చిళ్ళు కాస్త పైకి జరిపి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది. వేలు తీసేస్తే అక్కడ గుంట పడింది. ఆ గుంట పూడడానికి చాలాసేపు పట్టింది.

"ఇది కొవ్వు కాదమ్మా. నీళ్ళు" అంది డాక్టరు. "నీకిచ్చిన గోలీ కొందరి ఒంటికి పడదు. ఒంట్ల నీరు నిలుస్తది, బరువు పెరుగుతది, పగలు నిద్రమబ్బు వస్తది. గుండె, మూత్రపిండాలు గూడ పరీక్ష చేయించి చూస్త. అవి బాగనే ఉంటే గోలీ మారుస్త, నీరు పోయేతందుకు ఇంకోటి ఇస్త."

లతీఫున్నీసా ఆ మాటల్లో ఒక్కటే పట్టుకుంది. "అంటే నేను తినలేదని నువ్వు నమ్ముతున్నవా అమ్మా?"

డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. పక్కనున్న మక్సూదా జరిగిందంతా చెప్పింది. విన్నాక డాక్టరు, "నమ్ముడేంది? నీ కాలే చెప్తున్నది" అంది.

హాస్టల్లో నిలబెట్టి కడిగేసినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. వెక్కివెక్కి ఏడ్చి కళ్ళు తుడుచుకున్నాక డాక్టరు కొంచెం గట్టిగా మాట్లాడింది.

"కానీ నువ్వు చేసింది గూడ తప్పే. గీ గోలీ ఒక్కసారే బంద్ చేస్తే బీపీ ముందుకన్న ఎక్కువ లేస్తది. పానం పోయేది. పక్షవాతం వచ్చేది."

అప్పటిదాకా ఏడ్చిన లతీఫున్నీసాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. "మరి గది ఎవరు చెప్పాలె? ఏసుకో అన్నరు, ఏసుకున్న. ఒళ్ళు ఉబ్బుతుందంటే నవ్విన్రు. గోలీతోని లావైతరని చెప్పిన్రా? బంద్ చేస్తే సస్తవని చెప్పిన్రా? నాకు సదువు రాదు. మీకు వచ్చు గదా!"

వార్డులో ఉన్నవాళ్ళంతా ఇటు చూశారు. డాక్టరు తల ఊపింది. "చెప్పాల్సిందే. చెప్పలే. తప్పే" అంది.

పరీక్షల్లో గుండె, మూత్రపిండాలు బాగానే ఉన్నాయని తేలింది. గోలీ మారింది. వారం వారం వచ్చి చూపించుకోమని, లావంతా పోతుందని ఆశపడవద్దని, కొంత గోలీది అయితే కొంత వయసుదని డాక్టరు దాచకుండా చెప్పింది. ఎండాకాలం ముగిసేలోగా పాదాల వాపు తీసింది. ముఖం సగం మునుపటి ముఖమైంది. పగటి కునికిపాట్లు పోయాయి. దండలూ నడుమూ మాత్రం పూర్తిగా తగ్గలేదు.

కాళ్ళు నిలబడ్డాక ఆమె చేసిన మొదటి పని ఏమిటంటే, పాత డాక్టరు కూర్చునే గదికి పోయి లైన్లో నిలబడడం. తన వంతు రాగానే బల్ల పక్కనున్న స్టూలు మీద పాదం పెట్టింది.

"చూడు సార్. గీ కాలు ఉబ్బిందని రెండుసార్లు చెప్పిన. నువ్వు నా పని అడిగినవ్, కాలు చూడలే. గోలీ మార్చినంక తగ్గింది. నేను తిన్ననని గదా అన్నవ్?"

ఆయనకు గుర్తు కూడా లేదు. "అరే, ఒక్కొక్కలకు అన్ని చెప్పుకుంట కూసుంటే ఎట్ల? వెనక లైను చూడు ఎంతున్నదో" అన్నాడు.

"లైన్ల ఉన్నోళ్ళు గూడ మనుషులే సార్" అంది. ఆయనను వదిలేసి లైన్లోని ఆడవాళ్ళ వైపు తిరిగింది. "అవ్వలారా, గోలీ ఇస్తే గది ఏం చేస్తదో అడగుండ్రి. చెప్పేదాక లేవకుండ్రి. అట్లని అడగకుండ బంద్ చెయ్యకుండ్రి, నేను చేసి సచ్చి బతికిన." కాంపౌండరు వచ్చి బయటికి పంపించేదాకా ఆ మాటే చెప్తూ నిలబడింది.

హాస్టల్ విచారణ సంగతి ఎవరికీ పట్టలేదు. జూన్‌లో సెలవులయి పిల్లలు తిరిగి వచ్చారు. వంటకు ఇంకొకాయనను పెట్టారు. ఆయన గడకర్రలా సన్నగా ఉండేవాడు. పప్పు మాత్రం అవే పసుపునీళ్ళు. వానలు మొదలైన ఒక పొద్దున పిల్లలు అన్నం ముట్టకుండా, ఖాళీ కంచాలు చేతబట్టుకుని నడుచుకుంటూ పోయి విద్యాసాగర్‌రావు ఆఫీసు ముందు రోడ్డు మీద కూర్చున్నారు. బస్సులు ఆగిపోయాయి. జనం పోగయ్యారు. ఆయన బయటికి వచ్చి గదమాయించబోతే బాలలక్ష్మి లేచి నిలబడింది.

"సార్, లతీఫమ్మను పంపిచ్చి నాలుగు నెలలాయె. పప్పు నీళ్ళు నీళ్ళే ఉన్నది. ఇప్పుడు ఎవరు తింటున్నరు సార్?"

పిల్లలు వెనక వాకిలి గురించి, రిక్షా గురించి, దుకాణం గురించి అందరూ వినేట్టు చెప్పారు. పైవాళ్ళు కదిలారు. ఆ వారంలోనే దుకాణంలో హాస్టల్ ముద్ర ఉన్న సంచులు దొరికాయి. మనోరమకు ఏ శిక్ష పడింది? ఇంకో ఊరి హాస్టల్‌కు బదిలీ చేశారు. ఇంకో ఊరి పిల్లల పప్పు మీదికి పంపించారన్న మాట. లతీఫున్నీసాకు గేటు మూయడానికి ఆమె ఒళ్ళొక్కటే సరిపోయింది. మనోరమ విషయంలో సంచులు కూడా సరిపోలేదు.

ఆఫీసు నుంచి జవాను వచ్చి, రేపటి నుంచి పనికి రమ్మంటున్నారని చెప్పాడు. లతీఫున్నీసా జవాను వెంటే ఆఫీసుకు పోయింది. విద్యాసాగర్‌రావు చాలా మెత్తగా మాట్లాడాడు.

"ఏదో మాటల అన్న. మనసుల పెట్టుకోకు. అయిందేదో అయింది."

ఎప్పుడూ ఆయనను మీరు అనే మనిషి ఆ రోజు నువ్వు అంది. "పిల్లల ముందట అన్నవ్ సార్. పిల్లల ముందటనే ఆ మాట ఎనుకకు తీసుకో. నేను తినలేదని చెప్పు."

"నేనొచ్చి వంటామెకు మాఫీ చెప్పాల్నా?"

"వంటామెను దొంగ అనేటప్పుడు నువ్వే వచ్చినవ్ గదా."

ఆయన ముఖం ఎర్రబడింది. ఇష్టముంటే చేరు, లేకపోతే లేదన్నాడు.

ఆమె చేరింది. పిల్లల కోసం చేరింది. కానీ ఆయన తనిఖీకి వచ్చిన ప్రతిసారీ వడ్డన ఇంకెవరికో అప్పగించి వంటింటి తలుపు లోపల గడియ పెట్టుకునేది. కొత్త వార్డెన్ పిలిచినా వచ్చేది కాదు. ఆయన ఆ మాట వెనక్కి తీసుకోలేదు. రెండేళ్ళకు బదిలీ అయి పోయాడు.

లతీఫున్నీసా ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అదే పొయ్యి ముందు నిలబడింది. లేడీ డాక్టరు ఇచ్చిన గోలీలు ఒక్కరోజు తప్పకుండా వేసుకుంది. ఎప్పుడు గోలీ రంగు మారినా, ఎందుకు మార్చారో తెలుసుకోకుండా దవాఖానలో గోలీలిచ్చే కిటికీ దగ్గరి నుంచి కదిలేది కాదు. కిటికీలోని మనిషి ఎంత కసురుకున్నా సరే.

విద్యాసాగర్‌రావు వెళ్ళిపోయాక చాలా రోజులకు ఒకసారి అడిగాను, కోపం తగ్గిందా అని. ఆమె వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది.

"బీపీ తగ్గింది" అంది. "కోపం ఎందుకు తగ్గాలె? ఆయన ఇంకా చెప్పనే లేదు గదా."